పుల్లమ్మ అన్‌ఫిట్ అయిన రోజు

మా బొగ్గుగనుల ఊళ్లో అన్‌ఫిట్ అన్నది శుభవార్త. ఏళ్ల తరబడి భూమి లోపల పనిచేసి ఒళ్లు చెడిన కార్మికుణ్ణి డాక్టర్లు పరీక్షించి అన్‌ఫిట్ అని రాస్తే, ఆయన ఇంటికొస్తాడు, ఆయన ఉద్యోగం కొడుక్కి వస్తుంది. ఆ రోజు ఆ ఇంట్లో మిఠాయి పంచుతారు. మా వరుసలో మూడో క్వార్టరు పగిడయ్య అలాగే అన్‌ఫిట్ అయి పెద్దకొడుకును పనిలో పెట్టాడు.

పుల్లమ్మ ఆయన రెండో కోడలు. లారీ డ్రైవరుగా ఉన్న ఆమె భర్త తొంభై నాలుగులో పోయాడు. ఆ తర్వాత ఖమ్మంలో ఒక డాక్టరు ఆమె రక్తం పరీక్ష చేయించి, హెచ్ఐవీ ఉందని కాగితం ఇచ్చాడు. మావైపు దానికి మందులు దొరకని రోజులవి. మంచిగా తినమని, పని మానొద్దని, వంట వల్ల ఎవరికీ అంటదని చెప్పి పంపాడు. ఆ కాగితం చదివిపెట్టింది నేనే కాబట్టి, ఇంట్లోవాళ్లకు తెలియని ఆ సంగతి నాకు తెలిసింది.

బ్యాచిలర్ల మెస్సులో ఆమె పన్నెండేళ్లుగా వండుతోంది. గరిటె ఆమెది. పెద్ద వంటవాడన్న పేరు మాత్రం బయట కుర్చీలో కూర్చునే ఆదినారాయణది.

"ఎన్నేండ్లు ఉంటనో ఎరికలేదు చెల్లే. ఉన్నన్ని రోజులల్ల ఒక్కపారన్న హెడ్ కుక్ అనిపిచ్చుకోవాలె. ఈడ అనరు. ఇమానం ఎక్కినకాడ అంటరట," అంది నాతో.

ఇంగ్లీషులో దరఖాస్తు రాసే పని నామీద పడింది. నేను చదివింది తెలుగు ఎమ్మే అని ఎంత చెప్పినా వినలేదు. "ఎమ్మే అంటే ఎమ్మేనే," అంది.

తొంభై ఏడులో గల్ఫ్‌లోని ఒక కార్మికుల క్యాంపు నుంచి పిలుపొచ్చింది. అక్కడికి రక్తపరీక్ష తప్పదని నేను హెచ్చరించాను.

"పట్నంల దినాం వందమందిని చూస్తరు. గందర్ల నా ఒక్కదాని నెత్తురు తప్పిపోదా?"

తప్పిపోలేదు. రెండు రోజుల తర్వాత ఆమె కాగితం పట్టుకుని తిరిగొచ్చేసరికి గుమ్మంలోనే పగిడయ్య ఉన్నాడు. ఆయన చదవగలిగిన ఇంగ్లీషు మాట ప్రపంచంలో ఒక్కటే. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి దాన్ని చదివాడు.

"ఒరే దూలిగా, మీ వదిన అన్‌ఫిట్ అయిందిరా. దుబాయి నౌకరీ ఇగ నీదే."

దూలయ్య ఆయన చిన్నకొడుకు, పని లేనివాడు. గంటలో గడ్డం గీయించుకుని, ఫొటో స్టూడియోకు వెళ్లొచ్చి, వస్తూ వస్తూ జిలేబీలు తెచ్చాడు. వరుస వరుసంతా పోగైంది. నన్నూ కాగితం, కలంతో సహా పిలుచుకొచ్చారు.

"కొడుకులకే ఇస్తరు గదనె, మరుదులకిస్తరా?" అని ఎవరో అడిగారు.

"ఆమెకు కొడుకుల్లేరు. మరిది కొడుకసొంటోడే," అన్నాడు పగిడయ్య. "మన కంపెనీనే ఇయ్యంగ దుబాయోళ్లు ఇయ్యరా? ఆళ్లు ఇంక పెద్దోళ్లు."

పుల్లమ్మ మెట్టు మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని పక్కన కూర్చున్నాను. నవ్వుతోంది. ఊపిరాడనంతగా నవ్వుతోంది.

"దుబాయిల గూడ చలికి కోటు కావాల్నా అక్కా?" అని దూలయ్య నన్ను అడిగాడు. దాంతో నాకూ ఆగలేదు.

అంతలో అతనే అన్నాడు: "రేపు పొద్దుగాల బస్సుకే పోత. ఈ కాయితం ఏజెంటు ముందట పెడ్త."

పుల్లమ్మ నవ్వు ఆగింది. ఏజెంటు ఈ అమాయకుణ్ణి కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పేస్తాడు. ఆమె లేచి, మామనూ మరిదినీ నన్నూ లోపలికి పిలిచి తలుపు మూసింది.

"మామా, నౌకరీ ఎవరికీ రాదు. నా నెత్తుర్ల హెచ్ఐవీ ఉన్నది. నీ కొడుకుకాడికెల్లి వచ్చింది. ఆయన పోయింది గూడ దాంతోనే."

దూలయ్య చేతిలోని జిలేబీ నోటి దగ్గర ఆగింది. నేను గోడమీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. పగిడయ్య కండువాతో చాలాసేపు కళ్లు తుడుచుకున్నాడు.

"మూడేండ్లు గిది కడుపుల పెట్టుకొని మాకు వండిపెట్టినవా?"

"వంటతోని అంటదని డాక్టరన్నడు మామా. చెల్లెను అడుగు."

"నేనడిగింది గది గాదు బిడ్డా. ఒక్కదానివే ఎట్ల మోసినవని."

ఆయనే మళ్లీ అందుకున్నాడు: "నన్ను అన్‌ఫిట్ అని పదకొండేండ్లాయె. అప్పటిసంది ఒక ముద్ద ఎక్కువనే తింటున్న. అన్‌ఫిట్ అంటే ఆ ఒక్క పనికే. ఇంకో దేశం లేదా?"

దూలయ్య జిలేబీ నోట్లో పెట్టుకున్నాడు. "ఫొటోలు దిగొస్తి గద వదినా. ఉత్తగ పాయె."

"నీ పెండ్లికి పనికొస్తయి తియ్."

ఇంకో దేశం ఉంది. మెస్సులో తినే సర్వేయరు ఒకాయన, ఆఫ్రికాలో రోడ్లు వేస్తున్న తెలుగు కాంట్రాక్టరు క్యాంపు చిరునామా ఇచ్చాడు. ఈసారి జబ్బు సంగతి ముందే రాయమని పుల్లమ్మ పట్టుబట్టింది. "మల్ల పట్నం దాంక పోయి అన్‌ఫిట్ అనిపిచ్చుకునే ఓపిక లేదు." ఆ ఒక్క వాక్యం రాయడానికి నాకు నాలుగు కాగితాలు పట్టాయి.

నెల తర్వాత క్యాంపు మేనేజరు వెంకటరామారావు తెలుగులోనే జవాబు రాశాడు: "అమ్మా, ఇక్కడి వీసా ఫారంలో ఆ ప్రశ్న లేదు. ఛాతీ ఎక్స్‌రే చాలు. మీరు దాచకుండా రాశారు, సంతోషం. మా పరీక్ష వేరు. తొంభై మందికి పప్పుచారు చేయాలంటే కందిపప్పు ఎంత? అన్నం అడుగంటితే ఏం చేస్తారు?"

పుల్లమ్మ గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "ఐదు కిలోలు. చారు చిక్కగ కావాల్నంటే ఆరు. రాయి."

"అన్నం అడుగంటితే?"

"నేనుండంగ అడుగంటదని రాయి."

"అట్లా రాస్తే బాగుండదక్కా."

"అయితే అడుగంటిస్తే నా జాగల ఆదినారాయణను తోలుతనని రాయి."

"ఉప్పు తక్కువేస్తదని గూడ రాయి బిడ్డా, ముందుగాల్నే చెప్పుకుంటె మంచిది," అన్నాడు పగిడయ్య. ఆ ఉప్పు మీద మామాకోడళ్లు పట్టుకున్నారు; అత్తాకోడళ్లు కూడా అంతలా పోట్లాడుకోరు. చివరికి ఉప్పు సంగతి తప్ప అన్నీ రాశాను.

వీసా వచ్చింది. ఉద్యోగం అన్నచోట హెడ్ కుక్ అని ఉంది. ఆ మాట పుల్లమ్మ నాచేత వరుసలోని ప్రతి ఇంటి ముందూ చదివించింది. బిడియంతో చచ్చిపోతూనే పదహారిళ్లలో చదివాను.

భద్రాచలం రోడ్ స్టేషన్లో వీడ్కోలు కన్నీళ్లకు తీరిక దొరకలేదు. గోనెసంచిలో ఆమె రాతి రోలు తెచ్చింది.

"దీంతోని ఇమానం లేవది వదినా," అని దూలయ్య మొత్తుకున్నాడు.

"బొంబాయిల ఇమానమోళ్లు చెప్పాలె, నువ్వు గాదు. ఎక్కియ్."

ఎక్కించాడు. రైలు కదిలింది. కిటికీలోంచి ఆమె తల బయటికి వచ్చింది.

"పొత్రమేదిరా?"

రోట్లో నూరే పొత్రం దూలయ్య చంకలోనే ఉంది. అతను పరుగెత్తాడు. వెనక పగిడయ్య, ఆయన వెనక నేను. ప్లాట్‌ఫారం చివర దాన్ని అందుకుని, తిట్లు పూర్తి చేయకుండానే ఆమె వెళ్లిపోయింది.