అరవై నాలుగు రోజుల ట్రయల్ రన్

రెండువేల రెండు ఆఖర్లో నేను పుంగనూరు సబ్ డివిజన్‌కు డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వచ్చాను. గ్రామీణ నీటి సరఫరాలో ఈ హోదాను అందరూ డీఈ అంటారు. కింద మండలానికొక అసిస్టెంట్ ఇంజనీరు, అంటే ఏఈ. పైన మదనపల్లెలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఈఈ. పల్లెకు నీళ్ళు రాకపోతే జనం నిలదీసేది ఏఈని, కాగితం మీద సంజాయిషీ ఇచ్చుకోవలసింది డీఈ. అప్పటికి నాకు పదమూడేళ్ళ సర్వీసు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ఆడమనిషిని నేనే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందన్న సంగతి నాకంటే ముందే ఆఫీసుకు చేరిపోయింది. అది అబద్ధమేమీ కాదు.

చేరిన కొద్దిరోజులకే నా బల్ల మీదికి రాళ్ళపల్లెల ఫైలు వచ్చింది. ఎగువ రాళ్ళపల్లె, దిగువ రాళ్ళపల్లె అని పక్కపక్కన రెండూళ్ళు. అక్కడి పాత బోరు నీళ్ళలో ఫ్లోరైడు. పిల్లల పళ్ళు గారపట్టి ఉండేవి, నలభై ఏళ్ళకే మోకాళ్ళు వంగని మనుషులు కనిపించేవాళ్ళు. అందుకని నాలుగు కిలోమీటర్ల అవతల మంచినీళ్ళు పడిన చోట కొత్త బోరు వేశారు. పంపుహౌసు కట్టి, పైపులైను లాగి, ఎగువ ఊరి గుట్ట మీద ఓవర్‌హెడ్ ట్యాంకు లేపారు. మోటారు బిగించారు, కరెంటు ఇచ్చారు, ట్యాంకుకు సున్నం కూడా కొట్టారు. నీళ్ళు మాత్రం వదల్లేదు. కారణమేమిటని ఫైలంతా తిరగేస్తే చివరికి తేలింది: శిలాఫలకం కుదరలేదు.

ఆ మండలంలో రెండు పార్టీలు పొత్తు పెట్టుకుని స్థానిక ఎన్నికలు గెలిచాయి. మండలాధ్యక్ష పదవి ఒక పార్టీకి, జిల్లా పరిషత్తులో మండలం తరఫున కూర్చునే జడ్పీటీసీ సభ్యత్వం ఇంకో పార్టీకి. పైన హైదరాబాదులో నాయకులు చేతులు కలిపి ఫొటోలు దిగారు. కింద వీళ్ళిద్దరూ ఒక్కనాడైనా ఒకే జీపు ఎక్కిన పాపాన పోలేదు. వాళ్ళ పేర్లు చెప్పను. ఇద్దరూ ఇప్పుడు మనవళ్ళను ఆడించుకుంటున్నారు, ఎదురుపడితే నన్ను బాగానే పలకరిస్తారు. అధ్యక్షుడు, జడ్పీటీసీ అనే అంటాను.

ప్రారంభోత్సవానికి మంత్రిగారు రావాలి. శిలాఫలకం మీద మంత్రిగారి పేరు కింద ఎవరి పేరు ముందుండాలన్నది తగాదా. కుప్పం నుంచి నల్లరాయి పలక తెప్పించి, అధ్యక్షుడి పేరు ముందు చెక్కించారు. జడ్పీటీసీ మనుషులొచ్చి దాన్ని దింపేశారు. రెండో పలక మీద జడ్పీటీసీ పేరు ముందొచ్చింది. దాన్ని అధ్యక్షుడి మనుషులు దింపేశారు. ఇద్దరి పేర్లూ ఒకే వరసలో పక్కపక్కన పెడదామని మా ఏఈ పాపం మంచికే సలహా ఇచ్చాడు. ఎడమ ఎవరిది, కుడి ఎవరిది అని ఇంకో పంచాయితీ లేచింది. ఈలోగా ఒకరికి తెలియకుండా ఇంకొకరు టెంకాయ కొట్టేస్తారేమోనని అనుమానం పుట్టి, పంపుహౌసు తలుపుకు అధ్యక్షుడు ఒక తాళం వేయించాడు. దాని పక్కనే జడ్పీటీసీ ఇంకొకటి వేయించాడు. ప్రభుత్వ భవనానికి రెండు పార్టీల తాళాలు! నేను చేరేనాటికి అవి తుప్పు పడుతున్నాయి.

సంక్రాంతి దాటాక ఒక ఉదయం ఎగువ రాళ్ళపల్లెకు వెళ్ళాను. మా ఫిట్టర్ మునెప్ప వెంట వచ్చాడు. ట్యాంకు కింద జీపు ఆగీ ఆగకముందే ఖాళీ బిందెతో ఒకావిడ అడ్డం వచ్చింది. పేరు రెడ్డెమ్మ.

"నువ్వేనా కొత్త మేడమ్మా? ట్యాంకు కట్టినారు, సున్నం కొట్టినారు. దాన్ని సూసుకుంటా కూకుంటే మా దప్పిక తీరతాదా?"

ఎక్కడినుంచి నీళ్ళు తెచ్చుకుంటున్నారని అడిగాను. మైలున్నర దూరంలో రామచంద్రప్ప అనే రైతు బోరు నుంచి. మంచివాడే, కాదనకుండా ఇస్తున్నాడు. కానీ వేసవి టమాటాకు నారు పోసుకున్నాడు.

"పైవారం నాటతాడంట. ఇంక మీకిస్తే నా పైరు ఎండిపోతాదమ్మా అంటాండాడు. ఆయప్పను ఏమనేదానికుండాది? నా కోడలికి ఏడో నెల. పాత బోరు నీళ్ళు ముట్టొద్దని ఆస్పత్రిలో డాక్టరమ్మ సెప్పింది. ఇప్పుడు ఆ నీళ్ళే తాపమంటావా? నువ్వే సెప్పు!"

నాకు తల కొట్టేసినట్టయింది. పని పూర్తయిన పథకం ముందు నిలబడి, నీళ్ళు లేవని ఒక ఇంజనీరు ఎలా చెబుతుంది? తిరిగి జీపెక్కాం.

ఇక్కడ కుప్పం సంగతి ఒకటి చెప్పాలి. తొంభైల మొదట్లో నేను అక్కడ ఏఈని. ఒక పల్లెలో కొత్త లైను పూర్తి కాగానే, జనం బతిమాలారని, పైపులు కడిగించకుండానే మోటారు వేయించాను. కొళాయిల్లో బురద వచ్చింది, బురదతోపాటు చచ్చిన తొండ వచ్చింది. ఊరు ఊరంతా నన్ను చూసి నవ్వింది. అప్పటి మా డీఈ గారు అరవలేదు. ట్రయల్ రన్ నిబంధనలు మొత్తం నా చేత మూడుసార్లు చేత్తో రాయించారు. చిన్నపిల్లకు ఇంపోజిషన్ ఇచ్చినట్టు ఇచ్చాడే అని ఆ రోజు కడుపు మండిపోయింది. కానీ ప్రతి వాక్యమూ బుర్రకెక్కింది.

ట్రయల్ రన్ అంటే కొత్త పథకాన్ని పంచాయతీకి అప్పగించేముందు నడిపి చూడడం. ముందు స్కవర్ వాల్వు తెరవాలి. లైను పల్లంలో ఉన్నచోట మట్టి నీళ్ళు బయటికి పోవడానికి పెట్టే వాల్వు అది. లైను కడిగాక ట్యాంకు నింపి కారుతోందేమో చూడాలి. బ్లీచింగు కలపాలి, నీళ్ళు ల్యాబుకు పంపాలి, చివరి కొళాయి దాకా వదిలి అక్కడ క్లోరిన్ అందుతోందో లేదో చూడాలి. ఇవన్నీ అయి, డీఈకి తృప్తి కలిగాకే పూర్తి నివేదిక. ఎన్ని రోజులన్నది నేను రాసిన ఆ పేజీల్లో ఎక్కడా లేదు. ప్రారంభోత్సవం కావాలనీ లేదు. నిజానికి ట్రయల్ రన్ తర్వాతే ప్రారంభోత్సవం.

జీపు పుంగనూరు చేరేలోపు ఇదంతా నాకు వరసగా గుర్తొచ్చింది. ఆఫీసులో కూర్చుని రెండు ఉత్తరాలు రాశాను. రెండింట్లోనూ ఒకే విషయం. ఫలానా గురువారం ఉదయం పది గంటలకు రాళ్ళపల్లెల పథకానికి ట్రయల్ రన్. పంపుహౌసుకు తమరు వేసిన తాళానికి చెవి పంపగలరు. తమ చెవి రాని పక్షంలో, వచ్చిన రెండోవారి మనిషి ఎదుట పంచనామా రాసి తాళం తీయించి పని మొదలుపెడతాము. ఆ ఆఖరి వాక్యం కోసమే మొత్తం ఉత్తరం. ఏఈ చేత ఇద్దరికీ ఇప్పించి, ముట్టినట్టు సంతకాలు తెప్పించుకున్నాను.

"ఇద్దరూ పంపిస్తారంటారా మేడం?" అన్నాడు మునెప్ప.

"పొత్తులో ఉండారు గదా మునెప్పా, ఒకరిని వదిలి ఒకరు ఉండగలరా?" అన్నాను.

గురువారం నేను తొమ్మిదిన్నరకు వెళితే ఇద్దరి మనుషులూ నాకంటే ముందే వచ్చి, తలుపుకు చెరోపక్క నిలబడి ఉన్నారు. తన తాళం ముందు తీస్తే తనవాళ్ళు లొంగిపోయినట్టు. తన తాళం ఉండి అవతలివాడిది తీస్తే, నీళ్ళిచ్చింది అవతలివాడు అవుతాడు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఇద్దరూ ఒకేసారి తాళాలు తీశారు. మునెప్ప మోటారు వేశాడు. స్కవర్ వాల్వు దగ్గర ఎర్రటి నీళ్ళు ఎగజిమ్మాయి. రెండు గంటలు పారాక నీళ్ళు తేటపడ్డాయి. మరుసటి రోజు ట్యాంకు నింపాం, ఆ తర్వాత బ్లీచింగు. మదనపల్లె ల్యాబు నుంచి మంచినీళ్ళని కాగితం చేతికి రాగానే ఎగువ రాళ్ళపల్లె చివరి కొళాయి తిప్పించాను. రామచంద్రప్ప నాట్లకు ఇంకా రెండు రోజులు ఉంది.

క్లోరోస్కోపు గొట్టంలో నీళ్ళు పట్టి మందు చుక్కలు వేస్తే లేత పసుపు తిరిగింది. క్లోరిన్ ఊరి చివరిదాకా అందుతోందన్నమాట. గొట్టం దించకముందే రెడ్డెమ్మ దోసిలి పట్టి తాగేసింది.

"మేడమ్మా, ఉప్పే లేదే! ఇంత సప్పగా ఉంటాయా మంచినీళ్ళు?" అని మళ్ళీ దోసిలి పట్టింది. తర్వాత వెనక్కి తిరిగి కేకేసింది. "ఒసే, బిందెలు తీసుకోని రాండే! యాల సూస్తా నిలబడుకోనుండారు?"

నేను సంతోషం ఆపుకోలేకపోయాను. ఎవరూ చూడకుండా జీపు అవతలికి వెళ్ళి గట్టిగా నవ్వుకున్నాను. మునెప్ప చూడనే చూశాడు.

కొళాయి తిప్పిన ఐదో రోజు మధ్యాహ్నం అధ్యక్షుడు, జడ్పీటీసీ మా ఆఫీసుకు వచ్చారు. ఒకే జీపులో వచ్చారు! కిటికీలోంచి అది చూసి మా గుమాస్తా పెన్ను కింద పడేశాడు.

"ఏందమ్మా, మాకు తెలీకుండా ప్రారంభం చేసేసినావంట?" అన్నాడు అధ్యక్షుడు కూర్చోకుండానే.

ప్రారంభం ఎక్కడయిందండీ, రిబ్బను కట్టామా, టెంకాయ కొట్టామా అని అడిగాను. ట్రయల్ రన్ రిజిస్టరు తెరిచి ముందు పెట్టాను. రోజూ వాళ్ళ మనుషులు తాళాలు తీసినట్టు చేసిన సంతకాలు అందులోనే ఉన్నాయి.

"మరి జనం నీళ్ళు పట్టుకుంటాండారే?" అన్నాడు జడ్పీటీసీ.

"పరీక్ష కోసం చివరి కొళాయి దాకా వదలాల్సిందే సార్. వచ్చిన నీళ్ళు మురికికాలవలో పోనిచ్చే బదులు పట్టుకుంటున్నారు. తప్పయితే ఇప్పుడే జీపు తీయిస్తాను, ఊళ్ళోకి పోదాం. పట్టుకోవద్దని మీరే చెప్పండి."

అధ్యక్షుడు జడ్పీటీసీ వైపు చూశాడు. "మీరు సెప్పండన్నా."

"మీరు పెద్దోళ్ళు, మీరే సెప్పండి" అన్నాడు జడ్పీటీసీ.

ఎవరూ కదల్లేదు. టీ తెప్పిస్తే తాగి వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు జడ్పీటీసీ మాత్రం వెనక్కి తిరిగి, మదనపల్లెలో మాట్లాడతామని బెదిరించాడు.

అన్నట్టే మాట్లాడారు. మర్నాడు ఈఈ గారి ఫోన్ వచ్చింది. ఆయనెవరో కాదు, కుప్పంలో నా చేత ఇంపోజిషన్ రాయించిన డీఈ గారే. ఈ ట్రయల్ రన్ ఎన్నాళ్ళని గంభీరంగా అడిగారు. నాకు తృప్తి కలిగేవరకు సార్, మీరు మూడుసార్లు రాయించారు, మూడుసార్లూ అలాగే ఉంది అన్నాను. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. అవతలినుంచి పగలబడి నవ్వు వినిపించింది. సాయంత్రానికి మెమో వచ్చింది: ట్రయల్ రన్‌లో గమనించిన లోపాలపై వారం వారం నివేదిక పంపవలెను. చూసినవాళ్ళకు అది మందలింపులా కనిపిస్తుంది. నాకు అది గొడుగు.

వారం వారం పంపాను. ఒక వారం పంపు గ్లాండు కారింది, ఇంకో వారం జాయింటు చెమర్చింది, మరో వారం ఎయిర్ వాల్వు పట్టేసింది. ఒక్క అబద్ధమూ రాయలేదు. కొత్త లైనులో లోపాలకు కొదవ ఉండదు. ఇంకెవరైనా అయితే పట్టించుకోని లోపానికి కూడా ఆ రోజుల్లో నాకు తృప్తి కలిగేది కాదు. ఆ మధ్యలోనే రామచంద్రప్ప టమాటా కోతకొచ్చింది, రెడ్డెమ్మ కోడలికి ఆడపిల్ల పుట్టింది.

తొమ్మిదో వారంలో పైన పొత్తు తెగిపోయింది. రెండు రోజుల తేడాతో అధ్యక్షుడు, జడ్పీటీసీ వేరువేరుగా నా దగ్గరికి వచ్చారు. ఈసారి కూర్చుని మాట్లాడారు. ఇద్దరూ అడిగింది ఒక్కటే: శిలాఫలకం వద్దు. ఫలకం పెడితే అవతలివాడి పేరు కూడా ఉంటుంది. పెట్టకపోతే నీళ్ళు తెచ్చింది తానేనని రేపు ఓట్లప్పుడు ఎవరికి వారు చెప్పుకోవచ్చు. అలాగేనండీ అని ఇద్దరికీ చెప్పాను. తాళాలు పట్టుకెళ్ళిపొమ్మన్నాను. పట్టుకెళ్ళారు. అరవై నాలుగో రోజున ట్రయల్ రన్ తృప్తికరమని రాసి, పథకాన్ని పంచాయతీకి అప్పగించాను. ప్రారంభోత్సవం తేదీ అన్న గడిలో గీత గీశాను.

పదేళ్ళ తర్వాత, ఉద్యోగ విరమణకు కొద్దినెలల ముందు ఆ దారిన వెళుతూ ఎగువ రాళ్ళపల్లెలో ఆగాను. ఫలకం కోసం కట్టిన దిమ్మె అలాగే ఖాళీగా ఉంది. కుప్పం రాళ్ళు రెండూ కొళాయిల దగ్గర బోర్లా పడి ఉన్నాయి. వెనకవైపు గరుకు కదా, బట్టలు ఉతకడానికి బాగుంటాయట. రెడ్డెమ్మ ఒకదాని మీద దుప్పటి బాదుతోంది. పక్కన మనవరాలు నన్ను చూసి నవ్వింది. తొమ్మిదేళ్ళు నిండి పదో ఏడు నడుస్తున్న పిల్ల. పళ్ళు తెల్లగా ఉన్నాయి.

ఇప్పుడు ఉద్యోగంలో చేరే ఇంజనీర్లు అడిగితే నేను చెప్పేది ఇదే. నిబంధనలను చేత్తో రాసుకుని చదవండి. పథకానికి శిలాఫలకం లేకపోయినా నీళ్ళు వస్తాయి. స్కవర్ వాల్వు లేకపోతే బురద వస్తుంది.