పటపటలాడని రెక్క

సీతాఫల్‌మండిలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. ఆదివారం ఒక్కరోజే నా మిషన్‌కు సెలవు. ఆ ఒక్కరోజును కూడా మా అన్న లాక్కున్నాడు.

అన్నకు రాకెట్ గ్లైడర్ల పిచ్చి. రెక్క మడిచిన చిన్న విమానం రాకెట్‌లా బుస్సున పైకి లేస్తుంది. మందు కాలిపోగానే రెక్క విప్పుకుని, చేతిలోని రిమోట్ ఎటు తిప్పితే అటు తేలుతూ దిగుతుంది. అందరూ రెక్కను థర్మోకోల్‌తోనో చెక్కతోనో చేస్తారు. ఈయనకు గుడ్డతోనే కావాలి. గుడ్డయితే గొడుగులా ముడుచుకుంటుందట, గాలిని బట్టి తనే వంగుతుందట. రిటైరైన మనిషి ఇంట్లో కూర్చుని టీవీ చూసుకోవచ్చు కదా అంటారు చుట్టాలు. చూడలేడు, అదే బాధ. కళ్ళలో నీటికాసులు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది కూడా తగ్గుతూ పోతుందని డాక్టర్ చెప్పేశారు. అది పూర్తిగా పోకముందే తన గుడ్డ రెక్క నిలకడగా తేలడం ఒక్కసారి చూడాలని ఆయన పట్టు. కాదనలేక, సణుక్కుంటూనే ఒప్పుకున్నాను.

మొదటిసారి రెజిమెంటల్ బజార్ నుంచి గొడుగు గుడ్డ తెచ్చి, చేతి అలవాటు కొద్దీ జాకెట్‌కు కోసినట్టే పోగుకు ఏటవాలుగా, క్రాస్‌గా కోశాను. క్రాస్ అయితే సాగి ఒంటికి అతుక్కుంటుంది. రెక్కకు ఒళ్ళెక్కడిది? పైకి పోయాక సాగి సాగి, డాబా మీద ఆరేసిన చీరలా పటపటా కొట్టుకుని కిందపడింది.

"ఏందే, విమానానికి జాకెట్ కుట్టినవా?" అన్నాడు.

"కొలతలిచ్చినవు గానీ ఎట్ల కొయ్యాల్నో చెప్పినవా?" అన్నాను.

తర్వాత నిలువు పోగు మీద కోశాను. అంచులో దారం పెట్టి మడిచి కుట్టాను. దారం బిగిస్తే ముడతలు, వదిలితే మళ్ళీ పటపట. విప్పడం, కుట్టడం, మళ్ళీ విప్పడం. వేళ్ళు పీకేవి. గిరాకీల జాకెట్లు ఆలస్యమై మాటలు పడ్డాను. ఆదివారం తెల్లారగానే కార్ఖానా అవతలి ఖాళీ జాగాకు బస్సెక్కడం, అక్కణ్ణించి చర్చికి ఆలస్యంగా వచ్చి చివరి బెంచీలో కునికిపాట్లు పడడం. నిజంగా విసిగిపోయాను. "మానెయ్ అన్నా" అందామనుకునేదాన్ని, ఆ మొహం చూస్తే నోరు వచ్చేది కాదు.

చివరికి రెక్క వెనక అంచును జాకెట్ మెడలా లోపలికి వంపు తిప్పి, అంచున వదులు మిగలకుండా కోశాను. పోయిన ఆదివారం అది పైకి లేచింది, రెక్క విప్పుకుంది. చప్పుడు లేదు. ఒక్క ముడత లేదు. నిండా గాలి పట్టి మా నెత్తి మీదుగా హాయిగా జారిపోతోంది. నాకు ఏడుపొచ్చింది. గెలిచామని కాదు, ఇక కుట్టక్కర్లేదని.

"అన్నా, చూసినవా? జెర సుత కొట్టుకుంటలేదు."

ఆయన తలెత్తే ఉన్నాడు గానీ మొహం అటు లేదు. అది ఎడమ పక్కన ఉంటే ఆయన కుడివైపు ఖాళీ ఆకాశంలో వెతుకుతున్నాడు.

"ఎటున్నదే?" అన్నాడు మెల్లగా.

అప్పుడు అర్థమైంది. ఇన్ని వారాలూ ఆయన దాన్ని చూసి నడపలేదు. ఆ పటపట ఎటు వినబడుతుందో దాన్ని బట్టి రిమోట్ తిప్పాడు. చూపు అంతగా పోయిందని నాకు ఒక్కమాట చెప్పలేదు.

"ఎడమకు తిప్పన్నా. ఇంకొంచెం. చాలు, ఇగ అట్లనే ఉంచు."

నేను చెబుతుంటే తిప్పాడు. అది గడ్డిలో మెత్తగా దిగింది. తెచ్చి చేతిలో పెడితే ఈ కొస నుంచి ఆ కొసకు కుట్టంతా వేలితో తడిమాడు.

"మంచిగ కుట్టినవే," అన్నాడు. "వచ్చే వారానికి జెర పటపటలాడేటట్టు కుట్టు. గట్లయితే నాకు ఎటున్నదో ఎర్కయితది."

"కుడతా," అన్నాను.