ఒక్కటే ఆప్షన్

బీకాం చదివి చరిత్రలో ఎం.ఏ. ఏమిటని మహబూబాబాద్ గ్రంథాలయంలో అందరూ నన్ను అడిగేవారు. వాళ్లంతా ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లు. నేను మాత్రం మూల అల్మారాలోని శాసనాల సంపుటాలు ముందేసుకుని కూర్చునేదాన్ని. ఎవరూ పాఠం చెప్పకుండానే వాటిని చదవడం నేర్చుకున్నాను. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది. హైదరాబాద్‌లోని పెద్ద విశ్వవిద్యాలయం లైబ్రరీలో అల్మారాలకు తాళాలుండవని విన్న రోజే, చదివితే అక్కడే చదవాలనుకున్నాను.

ప్రవేశపరీక్షలో ర్యాంకు బాగానే వచ్చింది. ఇంట్లోవాళ్ల తృప్తికి ఎం.కాం. పరీక్ష కూడా రాశాను. వెబ్ ఆప్షన్లు పెట్టే రోజు నాయిన కేసముద్రం మార్కెట్ యార్డు నుంచి, చొక్కాకు మక్కజొన్నల దుమ్ముతోనే, ఇంటర్నెట్ సెంటరుకు వచ్చాడు. హైదరాబాద్ తర్వాత వరంగల్ కూడా పెడదామని, మొదటిది రాకపోతే రెండోది వస్తుందని సెంటరు నడిపే అతను చెప్పాడు. నాయిన ఒప్పుకోలేదు. యార్డులో రెండో రేటు మన నోటి నుంచి వచ్చిందంటే మొదటి రేటు ఇక ఎవరూ ఇవ్వరు. ఏళ్ల తరబడి ధాన్యం అమ్మి ఆయన నేర్చుకున్నది అదే.

"రెండోది పెడితే గదే ఇచ్చి చేతులు దులుపుకుంటరు తమ్మీ. ఒక్కటే పెట్టు. పిల్లకు గిదే కావాల్నని వాళ్లకు తెల్వాలె."

"అక్కడ మనిషి ఉండడు కాకా. కంప్యూటర్ ఇస్తది."

"కంప్యూటర్‌ను నడిపేటోడు మనిషే గద."

ఆ పట్టుదల నాకూ నచ్చింది. ఒక్కటే పెట్టాం.

మొదటి విడతలో నాకు సీటు కేటాయించలేదని వచ్చింది. నాకంటే వెనక ర్యాంకున్న స్నేహితురాలికి వరంగల్‌లో చరిత్ర దొరికింది. తను సంతోషంగా ఫోన్ చేసి, నాకెక్కడ వచ్చిందని అడిగింది.

రెండో విడతకు మళ్లీ అదే సెంటరుకు పోయాం. వరంగల్ నిండిపోయింది. ఇక మిగిలినవి మహబూబాబాద్‌లో దూరవిద్య, జనగామలో ఎం.కాం., భూపాలపల్లిలో ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర. రేగొండ దాటి అంత దూరమైనా సరే, భూపాలపల్లి అన్నాను. ఫోన్ చేస్తే, ఈసారి చరిత్రకు ఎవరూ చేరలేదని, క్లాసులు నడుస్తాయన్న నమ్మకం లేదని అవతలి గొంతు మర్యాదగానే చెప్పింది. వచ్చే ఏడు మళ్లీ రాస్తానన్నాను. కానీ దూరవిద్య పేరుతోనో ఖాళీగానో ఏడాది ఇంట్లో ఉంటే సంబంధాలు చూడటం మొదలవుతుందని నాకూ నాయినకూ తెలుసు.

ఆయన నా వైపు తిరిగాడు.

"గన్ని బుక్కులు సదివినవు. గిప్పుడేం జెయ్యాల్నో నువ్వే చెప్పు బిడ్డా."

ఏ రాజు ఏ కోటను ఎట్లా పోగొట్టుకున్నాడో అడిగితే చెప్పగలిగేదాన్ని. తెర మీద ఎం.కాం. చూపించాను.

ఇప్పుడు రోజూ పొద్దున కేసముద్రంలో రైలెక్కి జనగామలో దిగుతున్నాను. ఆ రైలు హైదరాబాద్ దాకా పోతుంది. దిగాక, అది కదిలేదాకా కాలేజీ వైపు నడవలేను. దారికి అడ్డంగా నిలబడ్డానని ఎవరో ఒకరు కసురుతారు. పక్కకు జరుగుతాను.