విమానం వెనక నిలబడి

మా అమ్మాయి కారు తాళం తిప్పగానే పక్క అద్దాలు సన్నగా జీయ్‌మంటూ విచ్చుకుంటాయి. ఆ మోత విన్నప్పుడల్లా నాకు చిత్తూరు కాలేజీలో ఫిజిక్సు ల్యాబు వెనక గది, బల్ల మీద బుల్లి విమానం, పక్కనే వక్కపొడి నములుతూ రెడ్డెప్ప సార్ కనిపిస్తారు. విమానం తోకను కదిపే చిన్న మోటారు అచ్చం అలాగే మూలిగేది. తొంభైల చివరి మాట. సార్ ఫిజిక్సు చెప్పేవారు, మోడల్ విమానాల క్లబ్బు నడిపేవారు. క్లబ్బంటే ఆయన, నలుగురు మగపిల్లలు, నేను, ఒకే ఒక్క విమానం.

ఆయన తిట్లన్నీ విమానానికే, మాకు కాదు. "ఏమప్పా, పొద్దున్నించీ బతిమాలతా ఉండా, నీకు బుద్ధి రాదా?" అని దాని ముక్కు మీద తట్టేవారు. రిమోట్ చెప్పింది వినే రిసీవర్‌ను స్పాంజిలో చుట్టి, పసిబిడ్డను ఉయ్యాల్లో వేసినట్టు విమానం కడుపులో పెట్టడం ఆయనే నేర్పారు. ముందు చేతిలోని రిమోట్ ఆన్ చేయాలి, తర్వాతే లోపలి రిసీవర్. ఎందుకు సార్ అంటే, "సెప్పేవాళ్లు లేకుండా వినేవాణ్ణి లేపితే, వాడు ఊళ్లోవాళ్ల మాటలన్నీ వింటాడు పాపా. అందుకే మా ఇంట్లో ముందు మా ఇంటామె లేస్తాది, ఆ తరవాతే నేను" అన్నారు నవ్వకుండా.

రెక్కలు, తోక సరిచూసేటప్పుడు మాత్రం విమానం వెనకే నిలబడాలి. "ఎదురుగా నిలబడితే దాని కుడి నీకు ఎడమైతాది. ఎనక్కొచ్చి, అది సూసే దిక్కు నువ్వూ సూడు" అనేవారు.

హైదరాబాదులో పోటీకి ఒక్కరినే పంపుతామన్నారు ప్రిన్సిపాల్. ముందు పూతలపట్టు దగ్గర మైదానంలో ఆయన కళ్లెదుట ఎగరేసి చూపించాలి. సార్ నా పేరు చెప్పారు. "ఆడపిల్ల చేతికిస్తే ఉండేది గూడా పాయె" అని మగపిల్లలు నాకు వినబడేలాగే అన్నారు. విమానం కూలితే ఆ ఏడాదికి క్లబ్బే లేదు. నన్ను మళ్లీ రిమోట్ ముట్టుకోనివ్వరని కూడా నాకు తెలుసు.

చిరిగిన అంచులు అతికిద్దామని ముందురోజు విమానాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. తెల్లారేసరికి మా అమ్మ దానికి ఆయుధపూజ చేసేసింది. ముక్కుకు కుంకుమ, రెక్కలకు పసుపు, కీలు కనబడిన చోటల్లా గంధం. మైదానంలో రిమోట్ కదిపితే మోటారు మూలిగింది గానీ తోక కదల్లేదు. గంధం ఎండి కీళ్లను పట్టేసింది. మగపిల్లలు పగలబడి నవ్వారు, నాకు ఏడుపొచ్చింది. సార్ చేతిరుమాలు కొస తడిపి ఒక్కో కీలూ తుడుస్తూ, "మీ అమ్మ భక్తి గట్టిది పాపా. పట్టుకుంటే వదలదు సూడు" అన్నారు. ముక్కు మీది బొట్టు తుడవబోతే నన్ను ఆపారు. "దాన్ని ఉండనీ. అదేం అడ్డం రాదు."

విమానం బాగానే లేచింది. అవతలికి పోయి మా వైపు తిరిగి వస్తూ పక్కకు వాలింది. నేను సరిదిద్దబోతే ఇంకా వాలింది. "సార్, మీరు తీసుకోండి!" అని అరిచాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని కదలకుండా నిలబడ్డారు. "నేను తీసుకోను. యాడ నిలబడి సూస్తా ఉండావు? దాని ఎనక్కి పో!" కాళ్లు కదల్లేదు గానీ మనసు పోయింది. విమానం వెనక నిలబడి, అది చూసే దిక్కు చూశాను. వేళ్లు సరైన వైపు తిరిగాయి. దిగేటప్పుడు ఒక చక్రం ఊడింది, అంతే. ప్రిన్సిపాల్ తలూపి నన్నే పంపమన్నారు. అంతకుముందు నవ్విన వాళ్లలో ఒకడు ఊడిన చక్రం వెతికి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

తిరుగు బస్సులో సార్ టికెట్లకు చేయి చాపితే, అరచేతిలో గోళ్లు దిగిన ఎర్రటి గుర్తులు కనిపించాయి. అంత భయాన్ని వీపు వెనక దాచుకుని నన్ను నమ్మారని తెలిసి మళ్లీ ఏడుపొచ్చింది. ఈసారి సంతోషంతో.

మా అమ్మాయి ఇప్పుడు డ్రైవింగ్ నేర్చుకుంటోంది. నిన్న తిరుచానూరు రోడ్డులో పూలబుట్టల మధ్య కారు ఇరుక్కుంది, ఎదురుగా యాత్రికుల బస్సు. "అమ్మా, నువ్వు పట్టుకో!" అని స్టీరింగు వదలబోయింది. "నేను పట్టుకోను. యాడికి పోవాల్నో ఆ దిక్కు సూడు" అన్నాను. తిప్పలు పడి, మెల్లగా తనే బయటికి తెచ్చింది. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే అరచేతులు చురుక్కుమన్నాయి. చూసుకుంటే, గోళ్ల గుర్తులు.