నలభై సెకన్ల చీకటి

హెలెన్ యూనివర్సిటీలో నాటకం చదువుతోందంటే జమ్మలమడుగులో నమ్మినవాళ్లు తక్కువ. "నాటకాలు నేర్చుకునేదానికి గూడా యూనివర్సిటీ ఉంటాదా పాపా?" అని చర్చి మెట్ల మీదే నిలబెట్టి అడిగేవాళ్లు. పాపం, వాళ్ల తప్పేముంది? ఫిజిక్సులో అన్ని మార్కులు తెచ్చుకున్న పిల్ల టీచరు అవుతుందని నాన్న ఆనందయ్య ఊరంతా చెప్పుకున్నాడు మరి. ఆయనది లైట్లు, మైకుసెట్లు అద్దెకిచ్చే షాపు. క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరుల మీదికి నీలం కాగితం చుట్టిన బల్బు ఎలా తిప్పాలో ఏడేళ్ల కూతురికి నేర్పింది ఆయనే. ఇప్పుడు తల పట్టుకుంటే ఏం లాభం?

యూనివర్సిటీలో హెలెన్ నటించింది, వేషాలకు బట్టలు కుట్టింది, సెట్టింగులకు మేకులు కొట్టింది, చివరికి లైట్ల దగ్గరే ఆగిపోయింది. తప్పింది కూడా అక్కడే. ఆఖరి సంవత్సరం పరీక్షకు ఆమె వేసిన లైట్లు చూసి, "పెళ్లిపందిరిలా ఉందమ్మా" అని ఫెయిల్ చేశారు. ఇంకొక్కసారి అవకాశం ఇచ్చారు. సొంతంగా ఒక నాటకం తయారుచేసి జనం ముందు ఆడించాలి, పరీక్షకుడు వచ్చి చూస్తాడు. ఈసారి కూడా తప్పితే పట్టా ఆశ వదులుకోవలసిందే.

ఆమె తిన్నగా వేముల దగ్గర పల్లెకు, నాన్న లైట్లు పెట్టే నాటకాల్లో చిన్నప్పటి నుంచి చూస్తున్న ఆదినారాయణ మామ ఇంటికి పోయింది. ఆయనకు పగలు చీనీతోటలో బత్తాయిలు, సాయంత్రం పద్యం. 'కరువురాజు' నాటకంలో ముప్పై ఏళ్లుగా రాజు వేషం ఆయనదే. ఉన్న గింజలన్నీ ప్రజలకు పంచి, తాను పస్తులతో ప్రాణం విడిచే రాజు. ఆ చివరి పద్యం పాడి ఆయన కన్నుమూయగానే జనం వన్స్‌మోర్ అనేవాళ్లు. చచ్చిన రాజు లేచి, దుమ్ము దులుపుకుని, మళ్లీ పాడి, మళ్లీ చచ్చేవాడు. సింహాద్రిపురంలో ఒకసారి ఏడుసార్లు చచ్చాడు.

భార్య వనజమ్మకు ఇది పెద్ద పరాచికం. "ఒక్కనాడన్నా సక్కగా సచ్చినాడా ఈయప్ప?" అని, సరిగ్గా ఆ సీను దగ్గరే ముందు వరుసలో కూర్చుని కునుకు తీసేది.

హెలెన్ ఆయనకు విషయం చెప్పింది. పద్యం అయిపోయాక నలభై సెకన్లపాటు వెలుగు మెల్లమెల్లగా తగ్గుతూ రాజు ముఖం మీదికి కుంచించుకుపోయి, ఆరిపోవాలి. నాటకమంతా ఒక ఎత్తు, ఆ చీకటి ఒక ఎత్తు.

"అందుకే ఈసారి నువ్వు లేయగూడదు మామా."

"జనం అడిగితే?"

"అడిగినా లేయగూడదు."

ఆదినారాయణ ముఖం చిన్నబోయింది. "అంతమంది పిలుస్తాంటే గమ్మున పండుకుంటే మర్యాదగా ఉంటాదా పాపా?"

"నా పట్టా ఆ నలభై సెకన్లలోనే ఉండాది మామా."

ఆయన కండువా కొస మెలిపెట్టాడు. "సరే. ఏమైనా గానీ లేయను. మాటిస్తాండా," అన్నాడు.

రెండు నెలలు రిహార్సల్సు చేశారు. రాజుకు బట్టలు ప్రొద్దుటూరులో కొన్నారు. అన్నీ చూసుకున్న హెలెన్ ఒక్క సంగతి మరిచిపోయింది. రాజు లేవడన్న మాట వనజమ్మకు ఎవరూ చెప్పలేదు.

పులివెందులలో ఒక బడి ఆవరణలో పొద్దుగుంకగానే నాటకం మొదలైంది. జనం వెనక, లైట్ల బల్ల దగ్గర హెలెన్ కూర్చుంది. ఆమె పక్కనే పరీక్షకుడు రాజశేఖర్, చేతిలో పెన్నుతో. అంతా అనుకున్నట్టే నడిచింది. రాజు పద్యం పాడాడు, ఒరిగాడు. హెలెన్ వెలుగు తగ్గించే మీట కిందికి లాగడం మొదలుపెట్టింది.

"వన్స్‌మోర్" అన్నారు జనం. రాజు కదల్లేదు. మళ్లీ అన్నారు. మూడోసారి ఈలలు వేశారు. తర్వాత ఆవరణంతా నిశ్శబ్దమైపోయింది. తాను కోరుకున్నది ఇదేనని హెలెన్ గుండె పొంగింది.

కానీ ఆ నిశ్శబ్దం వేరు. ముప్పై ఏళ్లలో పిలిస్తే పలకని రోజు లేదు ఆ మనిషికి. ముందు వరుసలో ఒక పెద్దాయన లేచాడు. "ఏమప్పా, నిజంగానే పాయనా ఏంది?"

ఆ మాటకు వనజమ్మ ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. వేదిక మీద సగం చీకటి, మధ్యలో కదలని మొగుడు. "ఏమయ్యో" అంటూ చేతులు చాచుకుని, దారి కనిపించక, వేదిక మెట్లు తడుముకుంటూ ఎక్కసాగింది. ఇచ్చిన మాట మీద ఆదినారాయణ ఊపిరి కూడా బిగబట్టుకుని పడున్నాడు.

ఇంకా పదిహేను సెకన్లు. మీట అలాగే లాగితే హెలెన్‌కు పట్టా వస్తుంది. ఆమెకు ఏడుపొచ్చింది. మీట మొత్తం పైకి తోసేసి, మైకు అందుకుంది.

"మామా, లెయ్యి. వన్స్‌మోర్."

రాజు ఒక కన్ను తెరిచాడు. "నువ్వే అడుగుతాండావా పాపా?" అన్నాడు. ఆవరణంతా ఘొల్లున నవ్వింది. వనజమ్మ మాత్రం నవ్వలేదు. ఆయన చొక్కా పట్టుకుని అక్కడే కూలబడింది. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఆదినారాయణ ఆ పద్యం మళ్లీ పాడాడు.

అంతా అయ్యాక రాజశేఖర్ అడిగాడు, "ఇరవై ఐదు సెకన్ల దాకా చాలా బాగుంది. తర్వాత లైటు ఎందుకు పెంచావు?"

"చీకట్లో మా అత్త మెట్లెక్కుతాండాది సార్. పడిపోతాది."

ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "ఆ సీనుకు మార్కులు వెయ్యలేనమ్మా," అన్నాడు. వెయ్యలేదు కూడా. మిగతా సీన్ల పుణ్యమా అని హెలెన్ అత్తెసరు మార్కులతో గట్టెక్కింది.

ఇప్పుడు ఆ చుట్టుపక్కల నాటకాలకు లైట్లు ఆమెవే. 'కరువురాజు' ఆడినప్పుడల్లా పద్యం ముగిశాక ఆమె మీట లాగకుండా ఆగుతుంది. వనజమ్మ ఆ సీనులో కునుకు తీయడం మానేసింది. మొగుడు కన్నుమూసీ మూయకముందే మొదటి వన్స్‌మోర్ ముందు వరుసలోంచి ఆమె గొంతుతోనే వస్తుంది.