గౌను అంచు తిరగేసి చూసిన మనిషి

మా మేనత్తకు తొమ్మిదేళ్లప్పుడు వేదిక మీద ఒక ఆకుపచ్చ గౌను ఇచ్చారు. ఆమె పెరిగింది తల్లీ తండ్రీ లేని పిల్లల హాస్టల్లో. ఇస్తున్నప్పుడు దాతగారు రెప్ప వేశారట. ఫోటో కోసం మళ్లీ ఇచ్చారు. ఈసారి అత్త నవ్వలేదు. "నవ్వవే" అంటూ పక్కనున్నావిడ మోచెయ్యి గిల్లింది. మూడోసారికి అందరూ నవ్వారు, ఫోటో కుదిరింది. తెర వెనక్కి రాగానే గౌను లాక్కుని మళ్లీ పళ్లెంలో పెట్టారు. వరసలో తరవాతి పిల్ల నిలబడి ఉంది. ఆ రోజు పన్నెండుమందికి ఇచ్చింది ఆ ఒక్క గౌనే.

ఆ పిల్ల పెద్దదై బట్టలు కుట్టడం నేర్చుకుంది. ఆమె దుకాణం మెట్ల కింద ఇరుకు గది, నిలబడితే కప్పు తగిలేది. అందులోనే నలభై ఏళ్లు మిషను తొక్కింది. పిల్లల గౌను ఏది కుట్టినా, ఎవరూ అడగకపోయినా, అంచు మడతలో నాలుగు వేళ్ల బట్ట వదిలేది. పిల్ల ఎదిగితే కుట్టు విప్పి కిందికి దించుకోవచ్చు. బట్ట దండగని సణిగినవాళ్లతో, "మీ పిల్ల ఎదగదంటే చెప్పండి, కత్తిరించేస్తాను" అనేది. 

మోకాళ్లు మొరాయించాక దుకాణం అమ్మేసింది. తన తిండికి ఉంచుకుని, మిగిలింది ఏదైనా పిల్లల ఆశ్రమానికి ఇస్తానంది. ఎవరికివ్వాలో మాత్రం తేలలేదు.

"అందరూ దొంగలే అత్తా" అన్నాను.

"ఆ ముక్క చెప్పడానికి ఇన్ని పుస్తకాలు చదవాలా పండితుడా? టీ కొట్టు దగ్గర ఊరికే చెబుతారుగా." తరవాత గొంతు తగ్గించి అంది: "దొంగలైతే డబ్బే పోతుందిరా. నా డబ్బు పెట్టుకుని ఎవరైనా ఇంకో పిల్లను గిల్లితే?"

ఆమె భయమల్లా అదే.

మొదటి ఆశ్రమంలో నేల అద్దంలా ఉంది. గోడ నిండా దాతల ఫోటోలు. మేనేజరు నలుగురు పిల్లల్ని పిలిపించి వరసగా నిలబెట్టాడు. అత్త వాళ్ల ముఖాలు చూడలేదు. చివరి పిల్ల ముందు కష్టపడి వంగి, గౌను అంచు తిరగేసింది. గోరంత మడత. లోపల బట్టే లేదు.

"బాబూ, వచ్చే ఏడాది ఈ పిల్ల ఏం వేసుకుంటుంది?"

"వచ్చే ఏడాది ఇంకో దాత వస్తారు కదమ్మా!" అన్నాడు హుషారుగా. "రండి, ఫోటో దిగుదాం."

"నేను రెప్పలు వేస్తాను నాయనా, ఫోటో పాడవుతుంది" అని బయటికి నడిచింది. గేటు దాటాక, "పైన పటారం, లోన లొటారం" అంది.

రెండో ఆశ్రమం పెంకులు ఊడిన ఇల్లు. దాన్ని నడిపే ఆవిడ తడిచేతులతో గుమ్మంలోకి వచ్చింది.

"పిల్లలు చదువుకుంటున్నారమ్మా. చూపించడం కుదరదు. వాళ్లేమైనా బొమ్మలా?"

నాకు ఒళ్లు మండింది. "ఇవ్వడానికి వచ్చినవాళ్లతో ఇలాగేనా మాట్లాడేది?" అన్నాను. అత్త నా మోచెయ్యి గిల్లింది.

"ఆ తీగ మీద ఆరేసిన బట్టలైనా చూడొచ్చా తల్లీ?"

చూసింది. ఒక్కొక్క గౌను అంచూ తిరగేసి చూసింది. చివరిదాని మీద రెండు పాత కుట్టు గీతలు కనబడ్డాయి. రెండుసార్లు విప్పి దించారన్నమాట. అంత దించినా మడతలో ఇంకా కాస్త బట్ట మిగిలే ఉంది.

"కుట్టు వంకర. ఎవరిదీ పని?"

"నేనే కుట్టానండీ, నవ్వకండి" అందావిడ, మొదటిసారి గొంతు తగ్గించి.

"నవ్వను. కుట్టు నేను నేర్పుతాను. ఈ అంచు వదలడం మాత్రం ఒకరు నేర్పితే వచ్చేది కాదమ్మా."

డబ్బుతో పాటు మిషనూ అక్కడికే చేరింది. ఫోటో వద్దంది, గోడ మీద పేరూ వద్దంది. మనుషుల్ని చూసి గర్వపడటం నాకు అలవాటు లేదు. ఆ రోజు తిరిగొస్తుంటే మాత్రం, కుంటుతూ నడిచే ఆ మనిషి నా మేనత్త అని దారిన పోయే ప్రతివాడికీ చెప్పాలనిపించింది.

పోయిన నెల ఆ ఆశ్రమంలోనే మళ్లీ కలిశాను. మిషను ముందు కూర్చుని ఉంది, ఒళ్లో ఆకుపచ్చ గౌను. పేరైనా రాయించుకోవాల్సిందని అన్నాను. పళ్లతో దారం తెంపి, అంచు నా ముఖం ముందు తిరగేసి పట్టుకుంది.

"ఇటు చూడరా. ఏడాదిలో రెండు వేళ్లు ఎదిగింది పిల్ల. ఇప్పుడే దించాను. లోపల ఇంకా రెండు వేళ్ల బట్ట ఉంది."