గొలుసూ, డిమాండూ

ఇంటర్‌లో ఎకనామిక్స్ మొదలైన వారమే నాకు తిక్క రేగింది. కోరిక ఒక్కటే ఉంటే చాలదట, కొనే స్తోమత ఉండాలట, కొనడానికి మనసూ ఒప్పాలట. ఆ మూడూ కలిస్తేనే డిమాండ్ అన్నారు లెక్చరర్ గారు. మీ ఇంట్లోంచే ఒక ఉదాహరణ రాసుకురమ్మన్నారు.

మా ఇల్లు చిలకలపూడిలో. అమ్మ పొద్దస్తమానం షాపువాళ్లిచ్చిన రోల్డ్‌గోల్డ్ గొలుసులకు కొక్కేలు బిగించేది. మా చర్చిలో ఆడవాళ్లు నగలు పెట్టుకోరు, అందుకే అమ్మ మెడ ఎప్పుడూ బోసిగానే ఉండేది. ఒక గొలుసు కొనే స్తోమత మాకుంది, కొనడానికి అమ్మ మనసు ఒప్పదు. మరి కోరిక ఉన్నట్టా, లేనట్టా? పుస్తకం ఎంత తిరగేసినా తేలలేదు.

"అమ్మా, నీకెప్పుడైనా గొలుసు వేసుకోవాలనిపించిందా?" అని అడిగాను.

"నాకెందుకే అవన్నీ. పని చెడగొట్టక వెళ్లి చదువుకో."

"మరి ఇందాక ఒకటి మెడలో పెట్టుకున్నావుగా?"

"కొలత సరిపోయిందో లేదో చూడొద్దా?"

డిమాండ్ లేదని రాశాను. కొట్టేసి, మళ్లీ అదే రాశాను. కొలత చూడ్డానికి అమ్మ ప్రతిసారీ లేచి అద్దం దాకా ఎందుకు వెళ్లేదో మాత్రం ఎక్కడ రాయాలో తెలియలేదు.